వీరవేణి ఎడమ చీలమండ

గోరింటలంకలో తెలివైనవాళ్ళు ఎవరని మీరు ఎవర్నీ అడగక్కర్లేదు. వంతెనకాడి వాళ్ళే ఎదురొచ్చి చెప్పేస్తారు, "మేమేనండి" అని.

కాలవ వంతెన దిగగానే ఎడమచేతి పక్కన పెంకుటిల్లు వాళ్ళది. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు తాతారావు, నడిపివాడు చిట్టబ్బాయి, చిన్నవాడు అబ్బులు. తాతారావు భార్య భూలక్ష్మి పూతరేకులు చేసి ఊరూరికీ పార్సిళ్ళు పంపుతుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, వీరవేణి. తమ్ముళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఏడేళ్ళ క్రితం పిల్లనిచ్చేవాళ్ళు వచ్చి, కాఫీలు తాగి, "ఆలోచించుకుని కబురు పెడతాం" అని వెళ్ళారు. "పాపం ఇంకా ఆలోచిస్తున్నారు. తొందరపెట్టకూడదు" అంటాడు చిట్టబ్బాయి, ఎవరైనా కదిపితే.

వాళ్ళ తెలివికి మూలం వాళ్ళ నాన్న పోతూ చెప్పిన ఒకే ఒక్క మాట. "చెప్పింది చెప్పినట్టు చెయ్యండ్రా. సొంతంగా ఆలోచిస్తేనే తప్పులొస్తాయి." అంతే. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఓసారి పోస్టాయన "కాస్త ఈ సంచీ పట్టుకోండి, ఇప్పుడే వస్తా" అని చిట్టబ్బాయికిచ్చి, ఎండదెబ్బకి సంచీ సంగతే మర్చిపోయి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు పదింటికి పరిగెత్తుకొస్తే, చిట్టబ్బాయి సంచీ పట్టుకునే ఉన్నాడు. పట్టుకునే అన్నం తిన్నాడు, పట్టుకునే స్నానం చేశాడు. ఉత్తరాలు తడిశాయనుకోండి. "తడవకూడదని చెప్పలేదు కదండీ" అన్నాడు, చాలా మర్యాదగా.

ఇలాంటి ఇంట్లో పుట్టిన వీరవేణి కబడ్డీ బాగా ఆడుతుంది. తొమ్మిదో తరగతి. పిల్ల సన్నగానే ఉంటుంది గానీ, కూతకొచ్చినవాళ్ళ చీలమండ దొరకబుచ్చుకుందంటే ఉడుం పట్టే. జిల్లా జట్టులో ఆడాలని దాని కోరిక. నిరుడు ఎంపికల నాడే జ్వరం తగిలింది. ఈ యేడు దాటితే వయసు దాటిపోతుంది, ఇక ఎంపికల గుమ్మం ఎక్కనివ్వరు. సరిగ్గా అలాంటప్పుడు, ఆదివారం ఎంపికలనగా పదిరోజుల ముందు, దాని ఎడమ చీలమండ మడతపడింది. పాపం ఆ పిల్ల నొప్పికి ఏడవలేదు, ఆదివారం గుర్తొచ్చి ఏడ్చింది.

వాపు తగ్గింది. ఆడొచ్చని డాక్టరు కూడా చెప్పాడు. శుక్రవారం సాయంత్రం బళ్ళో ఆటలు నేర్పే ఎస్తేరు మేడం ఇంటికొచ్చింది. చేతిలో తెల్లటి టేపు చుట్ట.

"చూడండి తాతారావు గారూ, ఆడేముందు చీలమండకి ఈ టేపు చుట్టాలి. కాలు పక్కకి మడతపడకుండా ఆపుతుంది. ఆదివారం నేను తెల్లారకుండానే వెళ్ళిపోవాలి, మీరే చుట్టి తీసుకురండి. జాగ్రత్తగా వినండి."

ముగ్గురన్నదమ్ములూ వరసగా కూర్చున్నారు. భూలక్ష్మి చేతిలో రేకు అలాగే పట్టుకుని నిలబడింది.

"కాలు కడిగి, బాగా ఆరనివ్వాలి. నూనె తగలకూడదు. కాలి మీద బొచ్చుంటే గీసెయ్యాలి, లేకపోతే పీకేటప్పుడు ప్రాణం పోతుంది. పిల్లని మంచం మీద కూర్చోబెట్టి, పాదం చివరనుంచి బయటికి వేలాడేలా ఉంచండి. పైన ఓ చుట్టు, మడమ కింద నుంచి రెండు పట్టీలు, ఆ పైన ఎనిమిది అంకె వేసినట్టు తిప్పాలి. కాలు కదలకూడదు. మరీ బిగించినా ప్రమాదమే, వేళ్ళు నల్లబడితే వెంటనే విప్పెయ్యండి. సరిగ్గా కుదిరితే మాత్రం నేను చూసేదాకా విప్పొద్దు. కొత్త పని కదా, ముందు ఎవరి కాలికైనా చుట్టి చూసుకోండి."

"ఆయ్, అలాగేనండి మేడం గారూ," అన్నాడు తాతారావు. "మీరు చెప్పింది చెప్పినట్టు."

ఎస్తేరు మేడం ఆ ఊరికి కొత్త. నిశ్చింతగా వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే ఇంట్లో చర్చ మొదలైంది. ఎవరి కాలికైనా చుట్టి చూడమంది కదా, ఎవరి కాలికి?

"నాకు రెండే ఉన్నాయి," అన్నాడు అబ్బులు. "నీకూ రెండే. అదే మన చుక్కకైతే నాలుగు. నాలుగుసార్లు నేర్చుకోవచ్చు."

చుక్క వాళ్ళ గేదె. నుదుట తెల్లమచ్చ ఉంటుంది, మహా శాంతమైంది.

"ఒరేయ్ అబ్బులూ, నీ బుర్రకి దిష్టి తియ్యాల్రా," అన్నాడు తాతారావు.

కాలు కడిగారు. తుడిచి ఎండలో నిలబెట్టారు. ఇక బొచ్చు. గీయకుండా చుట్టి పీకితే ప్రాణం పోతుందని మేడమే చెప్పింది, పాడిగేదె ప్రాణం ఎవరు తియ్యమంటారు? సెలూను వీర్రాజుని పిలుచుకొచ్చారు. వీర్రాజు పెట్టె తెరిచి, "గడ్డమా, తలా?" అన్నాడు.

"చీలమండ," అన్నాడు చిట్టబ్బాయి.

"ఎవరిది?"

గేదెని చూపించారు. వీర్రాజు కాసేపు గేదెని చూశాడు, కాసేపు ఆకాశాన్ని చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, సబ్బు నురగ పెట్టి నాలుగు కాళ్ళూ నున్నగా గీసేసి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఊళ్ళో ఈ ముచ్చట మొదట నాకు చెప్పింది ఆయనే.

మొదటి కాలికి తాతారావు చుట్టాడు. పైన ఓ చుట్టు, కింద నుంచి పట్టీలు. బాగానే కుదిరింది. "ఇప్పుడు వేళ్ళు చూడరా" అన్నాడు. అబ్బులు వంగి చూసి కెవ్వుమన్నాడు.

"అన్నయ్యా! నల్లబడిపోయినాయి!"

గిట్టలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇంకేముంది, లబలబలాడుతూ టేపు పీకేశారు. చిట్టబ్బాయి గిట్టలు రెండూ ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. ఎంత నిమిరినా నలుపు తగ్గలేదు.

"నీది మోటుచెయ్యి. నేను వదులుగా చుడతాను," అని చిట్టబ్బాయి రెండో కాలికి చుట్టాడు. అదీ నలుపే. పీకేశారు. మూడో కాలికి చుట్టబోతుంటే అబ్బులు ఆపాడు.

"అన్నయ్యా, దీనికింకా చుట్టనే లేదు. అప్పుడే నల్లబడిపోయిందేంటి?"

ముగ్గురూ ముక్కు మీద వేలేసుకున్నారు. చివరికి తాతారావే తేల్చాడు. "పక్క కాళ్ళ అవస్థ చూసి బెంగెట్టుకుంది రా. మూగజీవాలకి బెంగెక్కువ."

బెంగ తీరాలంటే ధైర్యం చెప్పి చుట్టాలన్నాడు. ధైర్యం చెబుతూ చుట్టారు, నలుపు చూసి పీకారు. నాలుగో కాలితో టేపు చుట్ట అయిపోయింది. చుక్కకి కూడా ఓపిక అయిపోయింది. ఒక్క తన్ను తన్ని, తోకలా టేపు ముక్క వేలాడేసుకుంటూ వెళ్ళి కాలవలో పడుకుంది.

"పడుకోనివ్వండి," అంది భూలక్ష్మి. "నీళ్ళలో నానితే నలుపు వదుల్తుంది."

వీరవేణి ఖాళీ అట్టచక్రం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "అమ్మా, మరి రేపు నా కాలికి?" అంది.

"నేను లేనూ?" అంది భూలక్ష్మి. లోపలికెళ్ళి పూతరేకుల పెట్టెలకి అంటించే పార్సిల్ టేపు తెచ్చింది. గోధుమరంగు టేపు. దాని మీద పొడుగునా ఎర్రక్షరాలతో 'పగిలే వస్తువు, జాగ్రత్త' అని రాసుంది. "చూశావా? నీ కాలి కోసమే రాసినట్టుంది."

తల్లి మాటకి పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఎంతైనా ఆ ఇంటి పిల్లే కదా.

ఆదివారం తెల్లారింది. కాలు కడిగారు. బాగా ఆరాలన్నారు కదా, వీరవేణిని పెరట్లో ఎండలో కూర్చోబెట్టి, భూలక్ష్మి ఆ పాదాన్ని వడియాలు తిరగేసినట్టు అటోసారి ఇటోసారి తిరగేస్తూ గంటసేపు ఆరబెట్టింది. తర్వాత నులక మంచం తెచ్చి వేశారు. పిల్లని కూర్చోబెట్టారు. పాదం చివరనుంచి వేలాడింది. పైన ఓ చుట్టు వేశారు, మడమ కింద నుంచి పట్టీలు వేశారు. ఇక మిగిలింది ఎనిమిది అంకె.

"ఏ ఎనిమిది?" అన్నాడు తాతారావు. "మన నాన్న దస్తావేజుల్లో ఉండే తెలుగు ఎనిమిదా, క్యాలెండర్లో ఎనిమిదా?"

"మేడం గారు ఇంగ్లీషు చదువు చదువుకున్నారు. క్యాలెండర్లోదే," అన్నాడు చిట్టబ్బాయి.

క్యాలెండరు దించుకొచ్చి ఎనిమిదో తారీకు దగ్గర వేలుపెట్టి చూశారు. దానికి రెండు సున్నాలున్నాయి, ఒకదాని మీద ఒకటి.

"ఒక సున్నాలో చీలమండ పెట్టాం," అన్నాడు అబ్బులు. "రెండో సున్నాలో ఏం పెట్టాలి?"

మంచి ప్రశ్నే. మేడం చెప్పలేదు. ఖాళీగా వదిలేస్తే సున్నా నిలబడదు. చుట్టూ చూశారు. చీలమండ పక్కనే, జానెడు దూరంలో, గుండ్రంగా, నున్నగా, మంచంకోడు ఉంది.

అంతే! చీలమండ చుట్టూ ఒకటి, మంచంకోడు చుట్టూ ఒకటి, అచ్చం ఎనిమిది. ఒక ఎనిమిది కాదు, ఇరవై ఎనిమిదులు వేశారు. భూలక్ష్మి రెండో చుట్ట కూడా అందించింది.

"కదిపి చూడమ్మా," అన్నాడు తాతారావు.

వీరవేణి బలమంతా పెట్టి లాగింది. మంచం కిర్రుమంది గానీ కాలు కదల్లేదు.

"కదలట్లేదు నాన్నా!" అంది, మొహం చాటంత చేసుకుని.

"వేళ్ళు?"

"ఎర్రగా ఉన్నాయన్నయ్యా," అన్నాడు అబ్బులు. "గేదె కంటే మన పిల్ల చాలా నయం."

సరిగ్గా కుదిరింది కాబట్టి మేడం చూసేదాకా విప్పకూడదు. ఎంపికలేమో పట్నం హైస్కూల్లో. మరి ఎలా? ఎలా ఏమిటి, ముగ్గురన్నదమ్ములు మూడు కోళ్ళు ఎత్తుకున్నారు, భూలక్ష్మి నాలుగోది. మంచాన్ని భుజాల మీదికెత్తి వంతెన మీదుగా బయల్దేరారు.

పొద్దున్నే నలుగురు మంచం మోసుకుపోతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? అరుగు మీద వాళ్ళు లేచి నిలబడి కండువాలు దించారు. సైకిళ్ళ వాళ్ళు దిగి పక్కకి తప్పుకున్నారు. రేవు దగ్గర బట్టలుతికే సుందరమ్మ చెంబు కింద పడేసి, "అయ్యో తల్లీ, నిన్న కూడా చూశానే! ఇంత చిన్న వయసులో వెళ్ళిపోయావా!" అని గుండెలు బాదుకుంటూ మంచం వెనకాలే నడిచింది.

మంచం మీద వీరవేణి లేచి కూర్చుంది. "ఇంకా వెళ్ళలేదు పిన్నీ. ఇప్పుడే వెళ్తున్నాం," అంది.

సుందరమ్మ మళ్ళీ మూడ్రోజుల దాకా రేవుకి రాలేదు.

రోడ్డెక్కాక ట్రాలీ ఆటో దొరికింది. తొమ్మిదింటికల్లా మంచం హైస్కూలు మైదానంలో దిగింది. మైదానం నిండా పిల్లలు, ముగ్గులాగా సున్నంగీతలు. ఎస్తేరు మేడం దూరం నుంచి చూసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో! నడవలేకపోతోందా? మళ్ళీ మడతపడిందా?"

"లేదండి మేడం గారూ," అన్నాడు తాతారావు చెమట తుడుచుకుంటూ. "మీరు చెప్పినట్టే అచ్చు దిగింది. కాలు ఇంతయినా కదలట్లేదు. చూసుకోండి."

మేడం చూసింది. చీలమండ చూసింది, మంచంకోడు చూసింది, 'పగిలే వస్తువు' చదివింది. ఆ తర్వాత మంచం మీదే కూలబడింది. వీరవేణికి అప్పుడు అనుమానం వచ్చింది. "మేడం, కూతకి మంచంతో వెళ్తే ఔటిస్తారా?" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే మేడానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పేర్లు పిలవడానికి పది నిమిషాలే ఉంది. మేడం కత్తెర తీసి ఇరవై ఎనిమిదుల్నీ కత్తిరించి పారేసింది. తన సంచీలో దాచుకున్న టేపుతో పైన ఓ చుట్టు, కింద పట్టీలు, ఆ పైన ఎనిమిదులు వేసింది. పై సున్నా చీలమండ చుట్టూ, కింది సున్నా అదే పాదం చుట్టూ వెళ్ళింది.

"ఓహో," అన్నాడు అబ్బులు. "రెండు సున్నాల్లోనూ ఒకే కాలా! పొదుపైన పద్ధతి."

"టేపు అంటే కట్టుకొయ్య కాదండీ," అంది మేడం, పళ్ళు బిగబట్టి. "కాలు ఆడాలి. పక్కకి ఒరగబోతే మాత్రం టేపు బిగిసి, జాగ్రత్త అని పిల్లకి గుర్తుచేస్తుంది."

అంతే, అబ్బులు వంగి చీలమండకి చెవి ఆనించాడు. "ఇంకా ఏం చెప్పట్లేదండి," అన్నాడు.

మేడం ఆయన్ని పక్కకి లాగి వీరవేణి భుజాలు పట్టుకుంది. "చూడమ్మా, కాలు గురించి మర్చిపో. కూతకొచ్చిన పిల్లని పట్టుకున్నావంటే విజిల్ మోగేదాకా వదలొద్దు. వినపడిందా? విజిల్ మోగేదాకా."

"ఆయ్," అంది వీరవేణి.

ఆట మొదలైంది. వేళ్ళు నల్లబడితే వెంటనే విప్పెయ్యమంది కదా మేడం, అందుకని చిట్టబ్బాయి గీత పక్కనే సగానికి వంగి, పిల్ల ఎటు వెళ్తే అటు పీతలా పక్కకి పరిగెత్తుతున్నాడు. రెండుసార్లు గీత దాటాడు. మూడోసారి అంపైరు ఆయన్ని కూడా ఔటన్నాడు. చిట్టబ్బాయి బుద్ధిగా వెళ్ళి ఔటైన పిల్లల వరసలో కూర్చున్నాడు.

మొదట వీరవేణి భయపడుతూ ఆడింది. ఎడమకాలు మోపాలంటే జంకు. ఓసారి కాలు పక్కకి ఒరిగింది, టేపు బిగిసింది, కాలు నిలబడింది. అంతే, జంకు పోయింది. అవతలి జట్టు నుంచి కొండలాంటి పిల్ల కూతకొచ్చింది. అప్పటికి నలుగుర్ని తాకి వెళ్ళిందది. వీరవేణి ఒక్క దూకు దూకి దాని చీలమండ పట్టుకుంది.

ఆ పిల్ల ఈడ్చింది. వీరవేణి వదల్లేదు. మధ్యగీత దాకా ఈడ్చింది. వదల్లేదు. కూత ఆగిపోయింది. అంపైరు చెయ్యెత్తి "ఔట్!" అని అరిచాడు. అరిచాడే గానీ, ఆ ఊపులో విజిల్ వెయ్యడం మర్చిపోయాడు. ఇంకేముంది!

"ఔటమ్మా, వదులు," అంది ఆ పిల్ల.

"విజిల్ మోగలేదు," అంది వీరవేణి.

ఆ పిల్ల లేచి తన జట్టు దగ్గరికి నడిచింది. వీరవేణి కాలికి వేలాడుతూ వెంటే వెళ్ళింది. నలుగురు పిల్లలు పట్టి లాగారు. ఇద్దరు మాస్టార్లు చెప్పి చూశారు. ఎస్తేరు మేడమే స్వయంగా వచ్చి "వదిలెయ్యవే తల్లీ!" అంది.

"విజిల్ మోగేదాకా వదలొద్దన్నారు కదండీ మేడం."

చివరికి అంపైరుకి తట్టి విజిల్ ఊదాడు. ఊదీ ఊదకముందే వీరవేణి చెయ్యి వదిలేసి, బట్టలు దులుపుకుని, తన చోటికెళ్ళి నిలబడింది.

ఎంపిక చేసేవాళ్ళలో తెల్లటోపీ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. పొద్దున్నుంచీ నవ్వని మనిషి. ఆయన కుర్చీలోంచి లేచాడు. "పదేళ్ళ నుంచి చూస్తున్నాను, పట్టంటే ఇదీ!" అని కాగితం మీద మొదటి పేరు రాసుకున్నాడు. వీరవేణి!

వంతెనకాడి వాళ్ళు ఆనందం పట్టలేక మంచాన్నే పైకెత్తి ఎగరేశారు. భూలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ మాట విన్నప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి.

టోపీ పెద్దాయన దగ్గరికొచ్చి, వంగి, టేపు చుట్టిన చీలమండ మీద ఆప్యాయంగా తట్టాడు. "ఈ కాలు జాగ్రత్తమ్మా. ఇవాళ్టి నుంచి ఇది నీది కాదు, జిల్లాది," అన్నాడు. తర్వాత తాతారావు వైపు తిరిగి, "శిబిరం పదిరోజులు. అరగంటలో బస్సు బయల్దేరుతుంది. మీకు అభ్యంతరం లేదని రాసివ్వండి. ఆ కాగితం లేకపోతే ఎక్కించుకోరు," అని వెళ్ళిపోయాడు.

వంతెనకాడి వాళ్ళ మొహాల్లో నవ్వు ఆరిపోయింది. మంచం చుట్టూ చేరారు.

"జిల్లాది అంటున్నారేంటండీ," అంది భూలక్ష్మి బావురుమంటూ. "పద్నాలుగేళ్ళు నలుగుపెట్టి పెంచుకున్న కాలండీ!"

"ఏడవకు వదినా," అన్నాడు చిట్టబ్బాయి. "ఎడమదే కదా తీసుకున్నారు. కుడిది మనకే వదిలారు. పెద్దమనుషులు."

తాతారావు గుండె రాయి చేసుకున్నాడు. కాగితం తీసి, మంచం పట్టె మీద పెట్టి, ఒక్కో అక్షరమే రాశాడు. బస్సు హారన్ కొడుతోంది. ఎస్తేరు మేడం పరిగెత్తుకొచ్చి కాగితం లాక్కుని చదివింది.

'గోరింటలంక వాస్తవ్యుడు తాతారావు వ్రాసి ఇచ్చునది. నా కుమార్తె వీరవేణి యొక్క ఎడమకాలును పదిరోజులు శిబిరమునకు పంపుటకు నాకు ఏ విధమైన అభ్యంతరము లేదు.'

"కాలునా?" అంది మేడం. "ఏవండీ, ఇలా రాస్తే పిల్లని బస్సెక్కనిస్తారా? మరి మిగతా పిల్ల సంగతేంటి?"

"మిగతా పిల్ల తోడెళ్తోంది కదండీ," అన్నాడు తాతారావు, మేడం అమాయకత్వానికి జాలిపడుతూ. "ఆడపిల్ల కాలు. ఒంటరిగా ఎలా పంపిస్తామండి?"

ఇక రాయించే వ్యవధి లేదు. బస్సు కదలబోతోంది. మేడం కాగితం తీసుకెళ్ళి టోపీ పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. ఆయన నవ్వడం జిల్లా అంతా చూసింది ఆ రోజే. కలం తీసి కింద 'తోడు సహా' అని చేర్చి, తాతారావు చేత సంతకం పెట్టించి, "ఎక్కమ్మా" అన్నాడు.

వీరవేణి అమ్మకి దణ్ణం పెట్టింది, నాన్నకి, బాబాయిలిద్దరికీ పెట్టింది. సంచీ భుజాన వేసుకుంది. వంగి, ఎడమకాలు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, కుడికాలి మీద కుంటుకుంటూ బస్సు వైపు బయల్దేరింది.

మేడం వెనకే పరిగెత్తింది. "ఏమైందే? నొప్పిగా ఉందా?"

"లేదండి మేడం. జిల్లా కాలు కదండీ, సొంత పనికి వాడకూడదు కదా," అంది వీరవేణి. అంటూనే ఎగిరి మొదటి మెట్టెక్కింది. ఎగిరి రెండో మెట్టెక్కింది. మూడో మెట్టు మీద కుడికాలు పక్కకి జారి, చీలమండ కలుక్కుమని, అక్కడే చతికిలబడింది.

"నా తల్లే!" అని ఎస్తేరు మేడం నెత్తి బాదుకుంటూ సంచీలో టేపు కోసం వెతుక్కుంది.

వంతెనకాడి వాళ్ళు నలుగురూ బస్సు దగ్గరికి పరిగెత్తారు. వంగి చూశారు. ఎడమకాలు పిల్ల చేతుల్లో భద్రంగా ఉంది. తాతారావు గుండెల మీద చెయ్యేసుకుని, హమ్మయ్య అని ఊపిరి వదిలాడు.

"కంగారుపడకండి మేడం గారూ! మడతపడింది జిల్లాది కాదండి, మాదే!"